పరదేశపు సభ – మన గాదె

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేజర్లలో గావింపబడిన ఉపన్యాసపాఠము)



రజతోత్సవమునాడు గ్రంథాలయములో పురాణమో, కావ్యమో, వ్యవసాయమో ప్రసంగవిషయము కావలెను గాని అమెరికా రాజకీయములతో ఈ ఊరికి పని యేమి యని కొందఱికి తోచవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. నెల్లూరు కచేరీలో పని పడిన దినము మఱియొక పని సాగని పల్లెలు మనవి. ఐనను, సముద్రముల కావల ఆ దేశపు సభలో ఇరుపక్షములు తగవులాడుకొన్నప్పుడెల్ల ఈ దేశమున ఎవరిదో యొకరి గాదె బరువు మారుచున్నది. 1951లో అట్లే జరిగెను. 1966లో అట్లే జరిగెను. 2025లోను అట్లే జరిగెను. ఈ మూడు సంవత్సరముల పద్దులను ఎదురెదురుగా నుంచి చూచి, వానివలన తెలియవలసిన దేమో విచారించుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ముందుగా మన కెల్లరకు పరిచితమైన యొక సభను జ్ఞప్తికి తెచ్చుకొందము. నెల్లూరి మనుమసిద్ధి కొలువున మంత్రియై యుండిన తిక్కన సోమయాజి భారతమున విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను తెనిగించెను. అందు ఉద్యోగపర్వము ఒకవిధముగా విదేశవ్యవహారముల గ్రంథమే. సంధియా, సమరమా అనునది అందలి ప్రశ్న. ఈ ప్రశ్నకు కౌరవులందఱు ఒక మాటయు, పాండవులందఱు మఱియొక మాటయు చెప్పిరని తలచువారు ఆ పర్వమును శ్రద్ధతో చదువలేదనవలెను. కౌరవసభలోనే భీష్మద్రోణవిదురులు సంధి మేలనిరి. దుర్యోధనుడును కర్ణుడును వలదనిరి. ధృతరాష్ట్రుడు వినునప్పుడు ఔననుచు, చేయవలసివచ్చినప్పుడు వెనుదీయుచుండెను. పాండవుల పక్షమునను ధర్మజుని శాంతివాంఛ ఒకటి, ద్రౌపది పరిభవాగ్ని మఱియొకటి. శ్రీకృష్ణుడు రాయబారమునకు బయలుదేరునాటికే ఎదుటి సభ ఒక్క మనిషి కాదని యెఱిగియుండెను. ఎవరు వినగలరో, ఎవరు వినరో, విననివారు ఏల వినరో తెలిసి మాటలాడెను.

అమెరికాను గూర్చి ఆలోచించునప్పుడు ఈ వివేకము మనకు తఱచుగా తప్పిపోవుచున్నది. “అమెరికా ఆగ్రహించినది”, “అమెరికా ఆదుకొన్నది” అని పత్రికలలో శీర్షికలు వచ్చును. చదివినవారు ఆ దేశము ఒక మనిషియే యైనట్లును, ఆ మనిషికి మనమీద నిన్న ప్రేమ గలిగి నేడు కోపము వచ్చినట్లును భావింతురు. ఆ దేశపు ఏర్పాటే అట్టిది కాదు.

అమెరికా రాజ్యాంగము 1787లో వ్రాయబడి 1789లో అమలునకు వచ్చెను. వ్రాసినవారు ఇంగ్లండు రాజు పెత్తనమును అనుభవించి తిరుగబడినవారు. అందుచే తాళపుచెవుల గుత్తిని ఏ యొక్కరి చేతను ఉంచలేదు. సేనలకు అధ్యక్షుడే అధిపతి. కాని యుద్ధము ప్రకటించు అధికారము కాంగ్రెసుది. పరదేశములతో సంధి చేసికొనువాడు అధ్యక్షుడే. కాని సెనేటులో మూడింట రెండువంతుల సమ్మతి లేనిదే ఆ సంధి చెల్లదు. పన్నులును దిగుమతి సుంకములును విధించు హక్కు కాంగ్రెసునకే చెందియున్నది. ఖజానానుండి డబ్బు తీయవలెనన్న శాసనము కావలెను. కాంగ్రెసునందు రెండు సభలు: రాష్ట్రమున కిద్దఱు చొప్పున 50 రాష్ట్రములకు 100 మంది సభ్యులు గల సెనేటు ఒకటి, 435 మంది గల ప్రతినిధులసభ మఱియొకటి. వీనికి తోడు, ఇరువురును హద్దు మీఱినారా లేదా యని తేల్చు న్యాయస్థానము మూడవది.

ఈ ఏర్పాటు ఎంత బలమైనదో చూపుటకు ఒక నిదర్శనము చాలును. మొదటి ప్రపంచయుద్ధానంతరము లోకమున శాంతి నెలకొల్పుటకు నానాజాతిసమితి యుండవలెనని పట్టుబట్టినవాడు అధ్యక్షుడు విల్సన్. ఆ సంధిపత్రమును 1919లో ఒకమాఱును, 1920లో మఱియొకమాఱును సెనేటు త్రోసివేసెను. తమ అధ్యక్షుడు పుట్టించిన సమితిలో ఆ దేశమే చేరకపోయెను.

ఈ తగవునకు మూలమున రెండు పాత తలపులు గలవు. మన యిల్లు మనము చక్కబెట్టుకొందము, పరుల కలహములలో తల దూర్చవలదనునది ఒకటి. మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ 1796లో వీడ్కోలు సందేశమున శాశ్వతమైన పొత్తులు వలదని హెచ్చరించెను. లోకము చెడినచో మన యిల్లును నిలువదు, కావున బయటికి పోయి చక్కబెట్టవలె ననునది రెండవది. ఈ రెండు తలపులను రెండు పార్టీలు చెఱియొకటిగా పంచుకొన్నవని అనుకొనుట పొరపాటు. 2024 ఏప్రిల్ 20వ తేదీన ఉక్రెయిన్ దేశమునకు సుమారు 6,100 కోట్ల డాలర్ల సాయమును గూర్చి ప్రతినిధులసభలో ఓట్లు పడినప్పుడు 311 మంది ఔననిరి, 112 మంది కాదనిరి. కాదనిన 112 మందియు రిపబ్లికనులే. ఔననిన వారిలోను 101 మంది రిపబ్లికనులు గలరు. ఒకే పార్టీ నడుమకు చీలెను. ఆ వసంతమునందే గాజా యుద్ధమును గూర్చి డెమొక్రాటిక్ పార్టీ పెద్దలకును, విశ్వవిద్యాలయములలో గుడారములు వేసి నిరసన తెలిపిన యువకులకును నడుమ అట్టి చీలికయే కనబడెను.

ఇక మొదటి పద్దు చూతము. 1950లో వానలు సరిగా కురియలేదు. నెల్లూరు అప్పటికి మదరాసు రాష్ట్రములోని జిల్లా. ఆ సంవత్సరము డిసెంబరులో వాషింగ్టనునందు భారత రాయబారిగా నుండిన శ్రీమతి విజయలక్ష్మీ పండిత్ 20 లక్షల టన్నుల ధాన్యము కావలెనని అమెరికా ప్రభుత్వము నడిగిరి. అధ్యక్షుడు ట్రూమన్ 1951 ఫిబ్రవరి 12వ తేదీన ఆ విషయమును కాంగ్రెసు ముందుంచెను. గింజలు వారి గిడ్డంగులలో నిండుగా నున్నవి. అయినను ఇచ్చుటకు నాలుగు నెలలు పట్టెను.

కారణము కొరియా యుద్ధము. చైనాను దురాక్రమణదారుగా నిర్ణయింపవలెనని ఐక్యరాజ్యసమితిలో అమెరికా తెచ్చిన తీర్మానమునకు భారతదేశము వ్యతిరేకముగా ఓటు చేసియుండెను. మనకు ఎదురు నిలిచినవారికి మన గోధుమలేల యని పలువురు సభ్యులు ప్రశ్నించిరి. ఊరక యియ్యవలదు, మాంగనీసు, మోనజైటు వంటి ఖనిజములు బదులుగా అడుగవలెనని కొందఱు వాదించిరి. ఇందు గమనింపదగిన విశేష మొకటి గలదు. గట్టిగా అడ్డుతగిలిన పెద్దలలో సెనేటు విదేశవ్యవహారముల సంఘాధ్యక్షుడు టామ్ కొనల్లీ యొకడు. ఆయన ట్రూమన్ పార్టీవాడే. ఆకలిగొన్నవారికి పెట్టవలసినదే యని చెప్పిన హూవర్ ఎదుటి పార్టీకి చెందిన మాజీ అధ్యక్షుడు. మిత్రు లనుకొన్నవారు అడ్డుకొనిరి, పరు లనుకొన్నవారు వాదించిరి. రాజకీయపు ముడులతో కూడిన ధాన్యము వలదని నెహ్రూగారు ఈవలనుండి స్పష్టముగా చెప్పిరి. తుదకు దానము కావలసినది అప్పుగా మారెను. జూన్ 15వ తేదీన 19 కోట్ల డాలర్ల అప్పునకు శాసనము సిద్ధమయ్యెను. ఆ శాసనమునందే ఒక మూల, అప్పుమీది వడ్డీలో 50 లక్షల డాలర్లవఱకు ఇరుదేశముల విద్యావిషయకమైన ఇచ్చిపుచ్చుకోలునకు, గ్రంథములకు, పరికరములకు వెచ్చింపవలెనని వ్రాసిరి. ఈ చిన్న పద్దును జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మఱల పని గలదు.

రెండవ పద్దు ఇంతకంటె పెద్దది. 1954 జూలైలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకము చేసిన 480వ ప్రజాశాసనము పేరు ఆ కాలపు పెద్దల చెవులకు పి.యల్. 480 గా పరిచితమే. అమెరికా రైతు పండించిన గోధుమకు కొనువారు చాలక ప్రభుత్వపు గిడ్డంగులలో గుట్టలు పడుచుండెను. దానిని అట్లే యుంచిన అద్దె, అమ్మిన ధర పతనము. పరదేశములకు వారి నాణెముతోనే అమ్మి పంపివేసిన రైతుకు ధర నిలుచును, ఆకలిగొన్నవారికి అన్నము దొరకును, దేశమునకు పేరు వచ్చును. దయయు, లెక్కయు ఒకే మూటలో కట్టబడిన శాసనమది. 1960 మే నెలలో భారత ఆహారమంత్రి యస్. కె. పాటిల్‌తో జరిగిన ఒప్పందమున నాలుగేండ్లకు 1 కోటి 70 లక్షల టన్నుల ధాన్యము నిర్ణయమయ్యెను.

ఆ నాలుగేండ్లును గడచిన పిమ్మట కాలము తిరుగబడెను. 1965లో వాన లేదు, 1966లోను లేదు. 1966లో ఈ దేశమునకు కోటి టన్నులకు పైగా ధాన్యము బయటినుండి రావలసివచ్చెను. అప్పటి అధ్యక్షుడు జాన్సన్ దీర్ఘకాలపు ఒప్పందము చేయక, కొన్ని నెలలకు చాలునంత ధాన్యమును మాత్రము విడుదల చేయుచు, పగ్గమును తనచేత బిగించి పట్టెను. మీ వ్యవసాయమును మీరు బాగుచేసికొనుడని చెప్పుట ఒక కారణము. వియత్నాములో అమెరికా కురిపించుచున్న బాంబులను భారతదేశము విమర్శించుట మఱియొక కారణము. ఢిల్లీలోని అమెరికా రాయబారి చెస్టర్ బౌల్స్ ధాన్యము ఆపవలదని పదేపదే వ్రాసెను. అధ్యక్షుని సలహాదారులలోను పలువురు విడుదల చేయుటయే మేలనిరి. 1966 ఏప్రిల్‌లో కాంగ్రెసు సహాయమును సమర్థించుచు తీర్మానము చేసెను. అయినను పగ్గము వదలుటకు జాన్సన్‌కు మనసొప్పలేదు. ఓడ దిగిన గింజ నేరుగా నోటికి పోవలసిన దినములవి. ఒక ఓడ ఆలస్యమైన ఏ రేషను దుకాణములో గోనెసంచి ఖాళీ యగునో యని ఢిల్లీలో లెక్కలు వేసికొనుచుండిరి.

ఇక్కడ న్యాయముగా చెప్పవలసిన మాట యొకటి గలదు. ఆ అవమానము మందువలె పనిచేసెను. ఆహారమంత్రి సి. సుబ్రహ్మణ్యం 1965 నవంబరులో రోమునగరమున అమెరికా వ్యవసాయమంత్రి ఫ్రీమన్‌తో వ్యవసాయాభివృద్ధిని గూర్చి ఒడంబడిక చేసికొనిరి. 1966లో మెక్సికోనుండి 18,000 టన్నుల గోధుమవిత్తనము తెప్పించిరి. 1964-65లో సుమారు 1 కోటి 23 లక్షల టన్నులుగా నుండిన గోధుమపంట 1967-68లో 1 కోటి 65 లక్షల టన్నులకు చేరెను. వరి విషయమున ఆంధ్రదేశము వెనుకబడలేదు. పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అను రైతు ఐ.ఆర్. 8 రకమును పండించి దేశమునకు త్రోవ చూపెను. పరుల సభలోని తగవును ఆపుట మన చేతిలో లేదు. మన పొలములో విత్తనము మార్చుట మన చేతిలో నున్నది. ఆ తరమువారు ఈ భేదము నెఱిగి చేయగలదానిని చేసిరి.

గోధుమకు చెల్లించిన రూపాయలు అమెరికా పేరిట ఈ దేశమునందే పేరుకొనెను. 1974 ఫిబ్రవరి 18వ తేదీన రాయబారి మొయినిహాన్ ఆ నిలువలో 1,664 కోట్ల రూపాయలకు చెక్కు వ్రాసి భారత ప్రభుత్వమునకు అందజేసెను. అంత పెద్ద చెక్కు లోకమున అంతకుముందు ఎవరును వ్రాయలేదని చెప్పుకొనిరి.

కాని గ్రంథాలయ రజతోత్సవమున చెప్పుకొనవలసిన కథ ఆ చెక్కుది కాదు. 1951 నాటి వడ్డీపద్దువంటిదే మఱియొక చిన్న పద్దు 1958లో 480వ శాసనమునకు సవరణగా చేరెను. పరదేశములలో పేరుకొన్న ఆ నాణెములతో అక్కడి గ్రంథములను కొని అమెరికా గ్రంథాలయములకు పంపవచ్చునని దాని సారాంశము. దాని ననుసరించి 1962లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము ఢిల్లీలో పని ప్రారంభించెను. హిందీ, బెంగాలీ, తమిళము మొదలగు భాషలతోపాటు తెలుగు పుస్తకములును పత్రికలును ప్రతులకు ప్రతులు కొనబడి, మూటలు కట్టబడి, ఓడలెక్కి ఆ దేశపు విశ్వవిద్యాలయములకు పోయెను. గోధుమ ఇటు వచ్చిన సముద్రము మీదనే తెలుగక్షరము అటు పోయెను.

1971లో వెల్చేరు నారాయణరావుగారు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున తెలుగు బోధింప పోయిరి. హాంక్ హైఫెట్జ్‌తో కలిసి ఆయన ధూర్జటి కాళహస్తీశ్వర శతకమును ఆంగ్లీకరింపగా 1987లో వెలువడెను. డేవిడ్ షుల్మన్‌తో కలిసి చేసిన పింగళి సూరన కళాపూర్ణోదయముయొక్క అనువాదము 2002లో వచ్చెను. కాంగ్రెసులో మన గోధుమను గూర్చి కలహించినవారిలో ఎంతమందికి ధూర్జటి పేరు తెలియును? ఒక్కరికిని తెలియదు. ఐనను ఆ కలహమునుండి పుట్టిన శాసనములో ఒక మూల వ్రాయబడిన వాక్యము తెలుగు పుస్తకమును ఆ దేశపు అలమారలలో నిలిపెను. ఆనాటి గోధుమ ఆనాడే కడుపు చేరెను. ఆ పుస్తకములు ఈనాటికిని చదువువారికొఱకు ఉన్నవి.

ఇక మూడవ పద్దు ఈ కాలపుది. 2024 నవంబరు ఎన్నికలలో గెలిచిన డొనాల్డ్ ట్రంప్ 2025 జనవరి 20వ తేదీన రెండవమాఱు అధ్యక్షుడయ్యెను. ఆ సంవత్సరము ఆగస్టులో భారతదేశపు సరకులమీద మొదట 25 శాతమును, రష్యానుండి చమురు కొనుచున్నారను కారణమున ఆగస్టు 27వ తేదీనుండి మఱియొక 25 శాతమును, వెరసి 50 శాతము అదనపు సుంకము పడెను. ఈ మెట్టసీమలో రొయ్యల గుంటలు లేకపోవచ్చును. కాని సముద్రతీరమున ఇందుకూరుపేట మొదలు వాకాడు వఱకు రొయ్యయే పంట. భారతదేశపు రొయ్యలను అన్నిటికంటె ఎక్కువగా కొనునది అమెరికా. దేశమున ఎక్కువగా పెంచునది ఆంధ్రప్రదేశ్. పాత సుంకములతో కలిసి భారము 58 శాతమునకు చేరినదని ఎగుమతివ్యాపారులు లెక్కగట్టిరి. ఉక్రెయిన్ యుద్ధమును గూర్చిన కోపము రష్యాచమురు దారిని వచ్చి నెల్లూరు రొయ్యలగుంట గట్టుమీద దిగెను. 1951లో కొరియా వచ్చి గోధుమ మూట మీద కూర్చుండినట్లే యిది.

ఇక్కడను ఆ సభ ఒక్క మనిషి కాదు. లూసియానా, టెక్సాస్ తీరముల రొయ్యలు పట్టు బెస్తవారు చవుకసరకు వచ్చి తమ వలలను ఎండబెట్టుచున్నదని చిరకాలముగా మొఱపెట్టుకొనుచున్నారు. వారి ఫిర్యాదు మీదనే 2005లో భారతదేశపు రొయ్యలమీద మొదటి అదనపు సుంకము పడెను. వారును కూలిచేసి బ్రదుకువారే. వారి కష్టము కల్పితము కాదు. మఱియొకవైపు, ధర పెరిగిన నష్టపోవునది మేమే యని ఆ దేశపు దిగుమతివ్యాపారులును, భోజనశాలలవారును అనుచుండిరి. చిన్న వ్యాపారులు కొందఱు న్యాయస్థానమున కెక్కిరి. సుంకము విధించు హక్కు కాంగ్రెసుది గదా, 1977 నాటి అత్యవసరాధికారముల శాసనమును చూపి అధ్యక్షుడొక్కడే విధింపవచ్చునా యనునది వారి ప్రశ్న. 2025 ఆగస్టు 29వ తేదీన అప్పీలు న్యాయస్థానమున ఏడుగురు న్యాయమూర్తులు విధింపరాదనియు, నలుగురు వేఱుగను తీర్పు చెప్పిరి. నవంబరు 5వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము వాదములు వినెను. 1787లో తాళపుచెవులు పంచిపెట్టినవారి ఏర్పాటే ఇప్పటికిని వాదమునకు వచ్చుచున్నది. సుంకపు అంకెలు ఏడాది కొకవిధముగా మారుచుండును; ఈ తగవుయొక్క స్వభావము మాత్రము మారదు.

వీసాల సంగతియు ఇట్టిదే. 1990 నాటి శాసనముతో ఏర్పడిన హెచ్-1బి వీసాలు ఏడాదికి 65,000. ఆ దేశమున పై చదువులు చదివినవారికి మఱి 20,000. ఇవి పొందువారిలో పదింట ఏడువంతులకు పైగా భారతీయులు. వారిలో తెలుగువారు ఎందఱో ప్రతి మండలములోని తల్లిదండ్రులకు తెలియును. 2024 డిసెంబరులో ఈ వీసాలను గూర్చి ఎన్నికలలో గెలిచిన పక్షములోనే పెద్ద కలహము పుట్టెను. నేర్పరులు ఎక్కడివారైనను రావలెనని ఎలాన్ మస్క్, వివేక్ రామస్వామి అనిరి. అమెరికా పనివాని కూడు పరులకు పెట్టరాదని స్టీవ్ బానన్ మొదలగువారనిరి. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుమును అధ్యక్షుడు ప్రకటించెను. నాటి మారకమున అది సుమారు 88 లక్షల రూపాయలు. అప్పటి ఉపాధ్యక్షుడు వాన్స్‌గారి భార్య ఉషా చిలుకూరి తెలుగువారి ఆడపడుచే. చుట్టరికము చూచి సుంకము తగ్గలేదు, రుసుమును ఆగలేదు. దేశముల లెక్కలలో చుట్టరికమునకు పద్దు లేదు.

తప్పంతయు వారిదే యని ముగించుట సులభము. కాని న్యాయమున రెండవవైపు కూడ చూడవలెను. 2023 జూలై 20వ తేదీన మన ప్రభుత్వము బాసుమతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించెను. ఇంట ధరలు పెరుగుచున్నవి, ముందు మన ప్రజలకు అన్నము కావలెను అనునది కారణము. అదియు అసత్యము కాదు. ఆ వార్త విని అమెరికాలోని మన బిడ్డలు సోనామసూరి బస్తాలకొఱకు దుకాణములముందు వరుసలు కట్టిరి. వారు ఎక్కువ ధర యిచ్చి కొనగలరు. మన బియ్యముమీద ఆధారపడిన పశ్చిమాఫ్రికా దేశముల బీదలకు ఆ వెసులుబాటు లేదు. 2024 సెప్టెంబరులో ఆ నిషేధమును తొలగించిరి. ఆ పదునాలుగు నెలలును మన సభలోని నిర్ణయము మఱియొకరి గాదెలో బరువై కూర్చుండెను. ఏ దేశమైనను మొదట తన యిల్లు చూచుకొనును. దీనిని ద్రోహమనుటకంటె స్వభావమనుట సత్యమునకు దగ్గఱ.

ఈ మూడు పద్దులను కూడగా తేలిన నిలువ యేమి? అమెరికా మనకు మిత్రమా, శత్రువా యను ప్రశ్నయే సరియైనది కాదు. ఆ సభలో ఎవరికి ఏమి కావలెను, ఎవరి చేతిలో ఏ తాళపుచెవి యున్నదని అడుగవలెను. ట్రూమన్ ఇచ్చెదనన్నను నాలుగు నెలలు పట్టెను. కాంగ్రెసు ఇమ్మన్నను జాన్సన్ బిగబట్టెను. ఒక్క మనిషి మాట విని సంతోషించుటయు తగదు, ఒక్క మనిషి మాటకు కుంగుటయు తగదు.

రెండవది, ఒక్క కొనుగోలుదారునిమీద, ఒక్క దేశపు వాకిలిమీద సంవత్సరపు లెక్కయంతయు వేసికొనుట ప్రమాదము. ఒకే చెరువునీటిని నమ్మి ఊరి మాగాణి అంతయు నాటిన రైతు ఆకాశమువైపు చూచుచుండవలసినదే. బావి త్రవ్వుకొన్నవానికి చెరువుమీద కోపము రాదు. రొయ్య పెంచువారు వేఱు అంగళ్లను వెదకుకొనవలెను; వారికి ప్రభుత్వము తోడ్పడవలెను. పొలము తాకట్టు పెట్టి కుమారుని విదేశమునకు పంపదలచిన తండ్రి, ఆ వాకిలి మూసికొన్నచో ఈ అప్పు ఎట్లు తీఱునని పంపుటకు ముందే లెక్కవేసికొనవలెను. పంపవలదని కాదు, తెలిసి పంపవలెనని. బిడ్డ రెక్కలు విఱుచుట ధర్మము కాదు. తల్లిదండ్రులు నిలువనీడ లేకుండ మిగులుటయు ధర్మము కాదు.

మూడవది గ్రంథాలయమునకు సంబంధించినది. ఇప్పుడు వార్త ప్రతివాని అఱచేతిలోని ఫోనులోనికే వచ్చి పడుచున్నది. అది తఱచుగా కోపమును మాత్రమే తెచ్చును, కారణమును తేదు. వీసా రద్దయినదని ఒకడు, కాలేదని మఱియొకడు పంపిన మాటలకు బెదిరి, మధ్యవర్తుల చేతిలో డబ్బు పోసినవారు ఉన్నారు. కారణము తెలియవలెనన్న నిదానముగా చదువవలెను. రెండు పక్షముల వాదమును చదువవలెను. లూసియానా బెస్తవాని మొఱయు, నెల్లూరు రైతు మొఱయు ఒకే బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టి చదువుటకు వీలైన చోటు గ్రంథాలయము. కాబట్టి, వచ్చువారానికి వార్తాపత్రికల బల్ల చెంత ఒక గ్లోబును, ఒక ప్రపంచపటమును ఉంచవలెననియు, నెలకొకమాఱు ఒక దేశపు సంగతిని ఇరుపక్షములవారి వాదములతో చదివి చెప్పు ఏర్పాటు చేయవలెననియు నిర్వాహకులకు ఈ సభాముఖమున విన్నపము. చదువు వచ్చిన పిల్లలు చదువుదురు. రాని పెద్దలు విందురు. పెద్దల ప్రశ్నలు పిల్లల చదువుకంటె పదునుగా నుండును.

రాయబారము విఫలమైనను ఉద్యోగపర్వము వ్యర్థము కాలేదు. ఎవరు ఏల ఏ మాట చెప్పిరో అది తరువాతివారికి మిగిలెను. నెల్లూరి నేలమీద ఆ మాటలు తెలుగైనవి. అట్టి నేలమీద వెలసిన ఈ గ్రంథాలయము వినువారి సభగా, విచారించువారి సభగా ఇరువదియైదేండ్లు నిలిచినది. ఇకమీదను నిలిచి స్వర్ణోత్సవము చేసికొనుగాక.